బొమ్మ చూశాం, పేరడగలేదు

చరిత్ర పుస్తకంలో ఒక మూల రెండంగుళాల బొమ్మ. కింద రెండే మాటలు: బానిసల ఓడ. టీచరు ఆగడు, పిల్లలూ ఆగరు. పరీక్షలో దాని మీద ప్రశ్న రాదు కదా! సెమినార్లలో అదే బొమ్మను తెర మీద వేసి, దాని ముందు నిలబడి ఉపన్యాసకుడు ఇంకేదో మాట్లాడుతుంటాడు. పేజీలో జాగా మిగిలితే పత్రికలవాళ్ళు దాన్ని పెట్టి పూడ్చుకుంటారు. రెండు వందల ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక ఘోరానికి సాక్ష్యం చెబుతున్న కాగితం అది. దాన్ని ఇంత తేలిగ్గా వాడుకునే హక్కు మనకెవరిచ్చారు?

అందులో ఏముందో ఒక్కసారి నిలబడి చూద్దాం. ఆ ఓడ పేరు బ్రూక్స్. ఊరు లివర్‌పూల్. ఆఫ్రికాలో మనుషులను ఎక్కించుకుని కరీబియన్ దీవుల్లో అమ్మడం దాని పని. 1788 డిసెంబరులో ఇంగ్లండులోని ప్లిమత్‌లో బానిస వ్యాపార వ్యతిరేక సంఘం వాళ్ళు దాని నక్షాను అచ్చు వేశారు. మరుసటి ఏడాది లండన్ సంఘం ఆ బొమ్మనే మరింత వివరంగా గీయించి పంచింది. కొలతలు ఎవరో ఊహించి రాసినవి కావు, ప్రభుత్వం పంపిన నౌకాదళ అధికారి ఓడలోకి దిగి తీసినవి. లండన్ బొమ్మలో ఉన్న మనుషులు 482 మంది. ఒక్కో మగవాడికి ఆరడుగుల పొడవు, అడుగు మీద నాలుగంగుళాల వెడల్పు. అంటే రెండు జానలకు కూడా తక్కువ. మగపిల్లవాడికి అయిదడుగుల పొడవు, అడుగు మీద రెండంగుళాల వెడల్పు. ఆడపిల్లకు నాలుగున్నర అడుగుల పొడవు, ఒకే ఒక్క అడుగు వెడల్పు. టేపు తీసుకుని మీ ఇంటి నేల మీద ఒక అడుగు కొలిచి, సుద్దతో గీత గీసి చూడండి. ఆ గీతల మధ్య ఒక పిల్ల వారాల తరబడి సముద్రం మీద పడుకోవాలి. పక్కన ఇంకో పిల్ల. అవతల ఇంకొకతె. గోదాములో బస్తాలు సర్దినట్టు సర్దారు.

ఇంకా దారుణం ఏమిటంటే, అది తగ్గించిన లెక్క. 1788లో వచ్చిన చట్టం ఆ ఓడకు 454 మంది చాలంది. చట్టం రాకముందు ఒక ప్రయాణంలో అదే ఓడలో తీసుకెళ్ళింది 609 మందిని: మగవాళ్ళు 351, ఆడవాళ్ళు 127, మగపిల్లలు 90, ఆడపిల్లలు 41. కాగితం మీద 482 మందిని గీసేసరికే గీతకు గీత తగులుతోంది. మిగతా వాళ్ళను ఎక్కడ కుక్కారో ఆ సముద్రానికే తెలియాలి. ఆ 41 మంది ఆడపిల్లల మీద మన పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా ఉండదు.

ఆ రోజుల్లో ఈ బొమ్మను చూసినవాళ్ళంతా మనలా ఊరుకోలేదు. అది వేల ఇళ్ళ గోడల మీదకు, సత్రాల్లోకి, పార్లమెంటు సభ్యుల చేతుల్లోకి వెళ్ళింది. 1791లో బానిస వ్యాపారాన్ని ఆపే బిల్లును పార్లమెంటు 163 ఓట్లతో తోసిపుచ్చింది. అనుకూలంగా పడ్డవి 88. దాంతో జనానికి మండింది. బానిసలు పండించిన చక్కెర మా ఇంట్లో వద్దని లక్షల మంది మానేశారు. వాళ్ళ సంఖ్య సుమారు మూడు లక్షలని ఆ ఉద్యమానికి ఊరూరా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా వేశాడు. ఓటు హక్కు లేని ఆడవాళ్ళు వంటింట్లో ఆ ఉద్యమం నడిపారు. 1792లో పార్లమెంటుకు 519 అర్జీలు వెళ్ళాయి. వాళ్ళకు సెల్‌ఫోన్లు లేవు, టీవీలు లేవు. ఒక అచ్చుకాగితం, దాన్ని చూసి నిద్రపట్టని మనుషులు. అయినా వ్యాపారం ఆగడానికి 1807 దాకా పట్టింది. బొమ్మ వచ్చాక పందొమ్మిదేళ్ళు! అన్నేళ్ళూ ఆ నక్షా కళ్ళ ముందు పెట్టుకునే పాలకులు ఓడలు వదిలారు. నిర్లక్ష్యం అంటే తెలియకపోవడం అనుకుంటాం. తెలిసి, చూసి, మడిచి సొరుగులో పెట్టుకోవడమే అసలైన నిర్లక్ష్యం.

ఇప్పుడు ఆ బొమ్మను ఇంకోవైపు నుంచి చూడండి. 482 మందిలో ఒక్కరికీ ముఖం లేదు. అందరిదీ ఒకే ఆకారం, ఒకే రంగు, ఒకే వరస. ఓడకు పేరుంది, ఆ పేరు ఓడ యజమానిదే. వాళ్ళకు లేదు. గీయించినవాళ్ళు మంచివాళ్ళే, వాళ్ళ కడుపుమంట నిజమే. కానీ ఆ మంచివాళ్ళ చేతుల్లో కూడా బానిస ఒక అంకె అయ్యాడు. జాలి పుట్టించడానికి మనిషి ముఖం అక్కర్లేదని వాళ్ళు అనుకున్నారు. మనం ఈనాటికీ అదే అనుకుంటున్నాం.

1787లో జోసయ్య వెడ్జ్‌వుడ్ అనే కుమ్మరి వ్యాపారి తన కార్ఖానాలో ఒక పతకం చేయించాడు. గొలుసులతో కట్టేసిన నల్లవాడు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, నేను మనిషిని కానా అని అడుగుతుంటాడు. ఆ బొమ్మ కరపత్రాల మీద, పుస్తకాల మీద లెక్కలేనన్నిసార్లు అచ్చయింది. ఆడవాళ్ళు గాజుల్లో పొదిగించుకున్నారు, మగవాళ్ళు ముక్కుపొడుం డబ్బాల మూతల మీద పెట్టించుకున్నారు. ఉద్యమానికి అది ఎంతో ఉపయోగపడింది, కాదనను. కానీ ఆ మనిషి ఎందుకు మోకరిల్లాడు? ఎవరిని వేడుకుంటున్నాడు? తనను దోచుకున్నవాళ్ళనే కదా! కరీబియన్ తోటల్లో బానిసలు తిరగబడుతూనే ఉన్నారు. 1791లో హైతీ గడ్డ మీద లేచిన తిరుగుబాటు 1804లో స్వతంత్ర దేశమై నిలబడింది. ఆ నిలబడ్డ మనిషి బొమ్మను ఎందరు గాజుల్లో పొదిగించుకున్నారు? మోకరిల్లినవాడినే లోకం ప్రేమించింది. నిలబడ్డవాడిని చూసి జడుసుకుంది. మన పుస్తకాల్లోనూ మోకరిల్లిన బొమ్మే ఉంటుంది.

1792 ఏప్రిల్‌లో లండన్ దుకాణాల అద్దాల్లో ఐజాక్ క్రూక్‌షాంక్ గీసిన రంగు బొమ్మ వేలాడింది. ఓడ మీద పదిహేనేళ్ళ ఆఫ్రికా పిల్లను ఒక కాలికి తాడు కట్టి తలకిందులుగా పైకి లాగుతుంటారు. పక్కన కొరడాతో కెప్టెన్ కింబర్ నవ్వుతుంటాడు. ఆ పిల్లను హింసించి చంపాడన్నది అతని మీద ఆరోపణ. బానిస వ్యాపారాన్ని ఆపాలని పోరాడిన పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్స్ దాన్ని నిండు సభలో చెప్పాడు. బొమ్మ శీర్షికలో కెప్టెన్ పేరుంది. పిల్ల పేరు లేదు, వయసు మాత్రం ఉంది. ఒంటి మీద సరిగ్గా బట్ట లేని ఆ పిల్లను చూడటానికి దుకాణం ముందు ఆగినవాళ్ళందరూ న్యాయం కోసమే ఆగారని నేను నమ్మను. ఆ జూన్‌లో కోర్టు కింబర్‌ను నిర్దోషి అని వదిలేసింది. పైగా అతని మీద సాక్ష్యం చెప్పినవాళ్ళ మీద అబద్ధపు సాక్ష్యం కేసు పెట్టారు. ఈ మాట ఎవరు చెబుతారు? బొమ్మ కింద శీర్షిక చదివి, అయ్యో పాపం అనుకుని పోయేవాళ్ళకు కోర్టు తీర్పు తెలియనే తెలియదు.

దక్షిణ అమెరికాలో డచ్చివాళ్ళ వలస సురినాంలో 1773 నుంచి 1777 దాకా జాన్ గాబ్రియేల్ స్టెడ్‌మన్ అనే సైనికాధికారి ఉన్నాడు. తోటల నుంచి పారిపోయి అడవిలో పోరాడుతున్న నల్లవాళ్ళను అణచడానికి వెళ్ళినవాడు. అతని పుస్తకం 1796లో లండన్‌లో వచ్చింది. అందులోని బొమ్మల్లో కొన్నింటిని రాగిరేకుల మీద చెక్కింది కవి విలియం బ్లేక్. పక్కటెముకల్లోంచి ఇనుప కొక్కెం దూర్చి బతికుండగానే ఉరికొయ్యకు వేలాడదీసిన మనిషి అందులో ఉన్నాడు. చెట్టుకు కట్టి కొరడాలతో కొట్టిన అమ్మాయి ఉంది. స్టెడ్‌మన్ తానే రాసుకున్నాడు: ఆమెను వదిలేయమని అడిగితే, బయటివాడు అడ్డం వస్తే శిక్ష రెట్టింపు చేయడం తన పద్ధతి అని అక్కడి మేస్త్రీ చెప్పి, మళ్ళీ కొట్టించాడట. జాలిపడ్డవాడి మాట వల్ల ఆమెకు రెండో విడత దెబ్బలు పడ్డాయి. ఇంత చూసి, ఇంత రాసి, ఆ పెద్దమనిషి బానిసత్వాన్ని వెంటనే రద్దు చేయాలని మాత్రం అనలేదు. ఆ పుస్తకం చివర్లో బ్లేక్ చెక్కిన బొమ్మ ఇంకోటుంది. ముగ్గురు ఆడవాళ్ళు. మధ్యలో యూరప్, అటూ ఇటూ ఆఫ్రికా, అమెరికా ఆమెకు ఆసరాగా నిలబడతారు. యూరప్ మెడలో ముత్యాల హారం. మిగతా ఇద్దరి దండలకు బానిసల కడియాలు. అన్యాయం మొత్తం ఆ నగల తేడాలోనే ఉంది. ఆ బొమ్మను ఖండాల స్నేహం అని చెప్పి ముందుకు నడిచేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

రక్తం కనిపించే బొమ్మల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేవి అందమైన బొమ్మలు. 1823లో విలియం క్లార్క్ అనే ఆయన ఆంటిగ్వా దీవి చెరకు తోటల మీద పది రంగు చిత్రాలు లండన్‌లో అచ్చు వేయించాడు. మూడేళ్ళు అక్కడి తోటల్లో ఉండి గీసినవి. గుంటలు తవ్వడం, చెరకు కొట్టడం, గాలిమర గానుగ, పాకం కాచే సాల, పీపాలను ఓడకెక్కించడం, అన్నీ వరసగా ఉంటాయి. నీలాకాశం, తెల్లని మబ్బులు, ఉతికిన బట్టలు, పద్ధతిగా పనిచేసే నల్ల మనుషులు. ఎవరి ఒంటి మీదా దెబ్బ లేదు, ఎవరి ముఖంలోనూ అలసట లేదు. ఇలాంటి బొమ్మల నకళ్ళే ఇవాళ పెద్ద హోటళ్ళ గోడలకు, కాఫీ దుకాణాల మెట్ల పక్కకు అలంకారమవుతున్నాయి. పాతకాలపు అందం అంటారు వాటిని!

చెరకు కొట్టినవాళ్ళను అడగండి, వాళ్ళు చెబుతారు. అనకాపల్లిలోనో తణుకులోనో ఏ కూలీనైనా అడగండి. చెరకు ఆకు ఒరుసుకుంటే చేతులు గీరుకుపోతాయి, చెమట తగిలి ఆ గీతలు మండుతాయి. పాకం మరుగుతున్న పెనం పక్కన గంట నిలబడితే ఒళ్ళు కమిలిపోతుంది. కరీబియన్ తోటల్లో కోత కాలంలో గానుగ రాత్రీపగలూ ఆడేది. నిద్రమత్తులో చెరకు గడతోపాటు చెయ్యి గానుగ దిమ్మెల మధ్యకు పోతే మనిషంతా లోపలికి పోకుండా, చెయ్యి నరకడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవాళ్ళు. చెయ్యి పోయినవాళ్ళు ఎందరో. క్లార్క్ గానుగ దగ్గర గొడ్డలికి చోటివ్వలేదు. ఒక బొమ్మ శీర్షికలో డెలాప్స్ ఎస్టేట్ అని తోట పేరు ఉంటుంది. చెరకు కొడుతున్నవాళ్ళ పేర్లు ఒక్కటీ ఉండవు. అదే 1823 ఆగస్టులో దక్షిణ అమెరికా ఉత్తర తీరంలోని బ్రిటిష్ వలస డెమెరారాలో వేల మంది బానిసలు తిరగబడ్డారు. వందల మందిని చంపారు. ఉరితీసిన వాళ్ళ తలలను రోడ్ల పక్కన గుచ్చారు. ఆ ఏడాదికి మన గోడల మీద మిగిలింది మాత్రం నీలాకాశం.

ఇక వాళ్ళకు పేర్లు లేవు, ఎక్కడి నుంచి తెస్తాం అంటారా? ఇక్కడే నాకు అసలు కోపం. పేర్లున్నాయి. 1817 నుంచి బ్రిటిష్ వలసల్లో బానిసల రిజిస్టర్లు పెట్టారు. యజమానులు పెట్టిన పేర్లే కావచ్చు, కానీ మనిషికో పేరు ఉంది, తోటకో జాబితా ఉంది. అవి ఇవాళ్టికీ లండన్ శివారు క్యూలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. క్లార్క్ గీసిన దీవిలో పనిచేసినవాళ్ళ పేర్లు కాగితం మీద బతికే ఉన్నాయి. బొమ్మనూ రిజిస్టరునూ ఒకే బల్ల మీద పెట్టే ఓపిక ఎంతమందికుంది?

పేరు చెప్పుకోగలిగినవాడు చెప్పుకున్నాడు కూడా. బానిసగా అమ్ముడుపోయి, తన స్వేచ్ఛను తానే కొనుక్కున్న ఒలౌదా ఈక్వియానో 1789లో తన జీవితకథను తానే అచ్చు వేయించుకున్నాడు. ముఖచిత్రంగా తన బొమ్మ పెట్టించాడు. కోటు వేసుకుని, చేతిలో బైబిలు తెరిచి, సూటిగా చదివేవాడి కళ్ళలోకి చూస్తుంటాడు. మోకాళ్ళు వంచలేదు. కింద తన పేరు. ఆయన బతికుండగానే ఆ పుస్తకం తొమ్మిది ముద్రణలు పొందింది. బ్రూక్స్ నక్షా వచ్చిన కాలానిదే ఆ బొమ్మ కూడా. మరి మన పాఠ్యపుస్తకాలకు ఆ ముఖం ఎందుకు కనిపించదు? పడుకోబెట్టిన 482 ఆకారాలే ఎందుకు కావాలి? బాధితుడి శరీరం కావాలి, బాధితుడి మాట అక్కర్లేదు. మన జాలికి అదే సుఖం.

ఎప్పుడో జరిగిన కథ అనేవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక లెక్క చెబుతాను. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసింది. రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, యజమానులకు! సుమారు 46 వేల దావాలు వచ్చాయి, ఎవరికెంత ముట్టిందో పేరుపేరునా రాసిపెట్టారు. విడుదలైన ఎనిమిది లక్షల మందికి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా అప్రెంటిస్‌షిప్ పేరుతో 1838 దాకా వాళ్ళ చేత ఊరికే పని చేయించుకున్నారు. ఆ పరిహారం కోసం బ్రిటిష్ ప్రభుత్వం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. 2015కి ముందు ఆ దేశంలో పన్ను కట్టిన మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుర్రాడి జీతంలోంచి కూడా ఆ అప్పుకు డబ్బు వెళ్ళింది. ఇది పాతకథ ఎలా అవుతుంది?

మనకేం సంబంధం అనేవాళ్ళకూ జవాబుంది. పదిహేడో శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా డచ్చివాళ్ళు పులికాట్ కేంద్రంగా కోరమాండల్ తీరంలో ఆకలిగొన్న మనుషులను కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఓడల్లో పంపారు. తర్వాత బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దయ్యాక అక్కడి చెరకు తోటల్లో పనికి చేతులు కావలసి వచ్చాయి. ఒప్పంద కూలీల ఓడలు బయల్దేరాయి. కోరంగి రేవు నుంచి మారిషస్‌కు తెలుగువాళ్ళు వెళ్ళారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికా డర్బన్‌కు చేరింది. 1911 దాకా అలా డర్బన్ ఉన్న నేటాల్ వలసకు వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేల మంది. విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు అందులో ఉన్నారు. ఆ ఓడల జాబితాలు ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాశారు. మన తాతల పేర్లు పరాయి దేశం బీరువాల్లో పడి ఉంటే, వాటి కోసం మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఎన్ని ప్రాజెక్టులు పెట్టాయి?

ఇంటి బొమ్మల సంగతి సరేసరి. 1790లలో బల్తజార్ సాల్విన్స్ అనే ఫ్లెమిష్ చిత్రకారుడు కలకత్తాలో 250 బొమ్మలు చెక్కాడు. కులాలను మెట్ల వరసలో పేర్చాడు. తర్వాత కంపెనీ దొరల కోసం మన చిత్రకారులే కట్టలు కట్టలుగా కులానికో జంటను గీసి అమ్మారు. చాకలి, మంగలి, మాదిగ అని కింద రాశారు. మనిషి పేరు లేదు, కులం పేరే మనిషి పేరయింది. చేతిలో పనిముట్టు, ముఖంలో ప్రశాంతత. ఆ చెప్పు కుట్టినవాడు ఏ బావి నీళ్ళు తాగాడో, ఏ వీధిలో నడవకూడదో బొమ్మ చెప్పదు. వాటినే ఇవాళ మన వారసత్వ కళ అంటూ క్యాలెండర్ల మీద వేసుకుంటున్నాం. ధాత కరువులో, 1876 నుంచి 78 దాకా, కర్నూలు, కడప, బళ్ళారి ఎండిపోయినప్పుడు మద్రాసు సైన్యంలోని హూపర్ అనే అధికారి డొక్కలు బయటపడ్డ మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. లండన్ పత్రికలు కరువు బొమ్మలు చెక్కించి అచ్చేశాయి. ఆ రోజుల్లోనే ఈ దేశం నుంచి ధాన్యం ఓడలు బయటికి పోతూనే ఉన్నాయి. ఆ ఫొటోలో కూర్చున్న తల్లి పేరేమిటని అప్పుడు ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఎవరు అడుగుతున్నారు?

అందుకే అడుగుతున్నాను. పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళూ, బ్రూక్స్ బొమ్మకు ఒక పూర్తి పేజీ ఇవ్వండి, కొలతలు రాయండి, 609 అంకె రాయండి, పక్కన ఈక్వియానో ముఖం పెట్టండి. మ్యూజియంలు నడిపేవాళ్ళూ, బొమ్మ కింద గీసినవాడి పేరూ దానం చేసినవాడి పేరూ రాసి చేతులు దులుపుకోవద్దు. గీయించింది ఎవరు, డబ్బు ఎవరిది, అందులో నిలబడ్డవాడు ఎవరు, వంగినవాడు ఎవరు, బొమ్మలోకి రానివ్వనిది ఏమిటి, అన్నీ రాయండి. టీచర్లూ, అందులో ఎవరికి పేరుంది, ఎవరికి లేదు అని పిల్లలను అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలు, పిల్లలు మిగతావి వాళ్ళే అడుగుతారు. హోటల్ గోడకు ఆంటిగ్వా చెరకు తోట తగిలించుకున్న పెద్దమనుషులూ, దాన్ని తీసేయండి, లేదా దాని కింద గానుగ గొడ్డలి కథ రాసి పెట్టండి.

మన జాలి వాళ్ళకు ఎందుకూ పనికిరాలేదు. రెండు శతాబ్దాలుగా వాళ్ళ మీద జాలిపడుతూనే ఉన్నాం, వాళ్ళు పేరు లేకుండానే ఉన్నారు. రిజిస్టర్లు తెరిచే ఉన్నాయి. ఓడ జాబితాలు చదవడానికి అందుబాటులో ఉన్నాయి. ఇంకా ఆ మనుషులను ఆకారాలుగానే చూపిస్తున్నామంటే అది చరిత్ర చేసిన తప్పు కాదు, మనం చేస్తున్న తప్పు. పేర్లు వెతకండి, బొమ్మ కింద రాయండి.